బెర్లిన్‌లో కార్ల్ మార్క్స్ అలే ఎలా చూడాలి: పిల్లల దగ్గరికెళ్లే మన గోదావరి అమ్మానాన్నలకి

మా పాలకొల్లులో ఈమధ్య ఎవరింటికెళ్లినా ఇదే మాటండి. అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్, లేదంటే అమ్మాయికి బెర్లిన్‌లో జాబ్, మేం ఈ ఎండాకాలం వెళ్తున్నాం, అక్కడ ఏం చూడాలి అని నన్నడుగుతారు, ఎందుకంటే నేనూ మా ఆవిడా మూణ్ణెల్లు మా అమ్మాయి దగ్గర ఉండొచ్చాం. బ్రాండెన్‌బుర్గ్ గేటు, గోడ ముక్క, టీవీ టవరు ఎవరైనా చూపిస్తారు, పిల్లలే ఫొటోలు తీసి స్టేటస్ పెట్టేస్తారు. నేను చెప్పేది ఒక్క రోడ్డు గురించి. కార్ల్ మార్క్స్ అలే. అలే అంటే వాళ్ల భాషలో చెట్ల వరసలున్న పెద్ద దారి. ఈ చివర్నుంచి ఆ చివరికి రెండున్నర కిలోమీటర్లు ఉంటుంది, ఆగి చూస్తూ నడిస్తే ఒక పూట, టికెట్టు లేదు, క్యూ లేదు.

నేను చరిత్ర లెక్చరర్ని కాదు, ముప్పైయేళ్లు ఇళ్లు కట్టించిన కాంట్రాక్టర్ని. కాబట్టి నా కళ్లు గోడ మీదకీ అతుకు మీదకీ పోతాయి. మా పనిలో పాత గోడకి కొత్త గోడ కలిపిన చోటు చూస్తే చాలు, ఆ ఇంటి సంగతంతా తెలిసిపోద్ది, అన్నదమ్ములు ఎప్పుడు పంచుకున్నారో, డబ్బులు ఎక్కడ అయిపోయాయో, మేస్త్రి ఎక్కడ మారాడో. ఈ రోడ్డునీ అలాగే చూడాలండి. ఎలివేషన్ చూసి ఆహా అనుకుని వచ్చేస్తే సగం కూడా చూసినట్టు కాదు.

బయల్దేరే ముందు

ముందు ఇక్కడే, మన ఊళ్లోనే కాస్త ప్రాక్టీసు చెయ్యండి, నవ్వకండి, నిజంగానే చెప్తున్నా. రాజమండ్రి వెళ్లినప్పుడు కోటగుమ్మం దగ్గర నిలబడండి. కోట లేదు, గుమ్మం లేదు, పేరొక్కటే ఉంది, ఆటోవాళ్లు రోజుకి వందసార్లు పిలుస్తారు. నర్సాపురంలో వలంధర రేవుంది కదా, డచ్చివాళ్లని మన పెద్దోళ్లు వలందులు అనేవాళ్లు, వాళ్లు సరుకు దింపుకున్న రేవు కాబట్టి ఆ పేరు అంటారు. వాళ్లు పోయి ఎన్నో తరాలైపోయింది, మనం ఇప్పటికీ పుష్కరాలకి అదే పేరు చెప్పుకుని స్నానానికి దిగుతాం. భీమవరంలో ఉండి రోడ్డు ఎందుకు ఉండి రోడ్డు? ఉండి వెళ్తుంది కాబట్టి. ఈ మూడూ బుర్రలో పెట్టుకోండి, బెర్లిన్‌లో మూడూ తగుల్తాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. బెర్లిన్‌లో కార్ల్ మార్క్స్ అలే వేరు, కార్ల్ మార్క్స్ స్ట్రాసె వేరు. స్ట్రాసె అంటే వీధి. నేను మొదటిసారి ఫోన్లో కార్ల్ మార్క్స్ అని కొట్టి మొదట వచ్చిందాన్ని నొక్కేశాను, అదేమో నన్ను నోయ్‌కోల్న్ అనే పేటలోకి తీసుకుపోయింది. అక్కడ కూరగాయల కొట్లు, మొబైల్ షాపులు, టర్కీ వాళ్ల బేకరీలు, మంచి సందడిగానే ఉంది గానీ నేను చూడాలనుకున్న భవనాలు ఒక్కటీ లేవు, అరగంట తల పైకెత్తుకుని తిరిగాక మా అల్లుడుగారికి ఫోన్ చేస్తే "మావయ్యగారూ, మీరు ఊరికి ఇంకో మూల ఉన్నారు" అన్నాడు. ఊరు గోడతో రెండు ముక్కలుగా ఉన్న రోజుల్లో ఆ వీధి వెస్ట్ బెర్లిన్‌లోది. మీరు వెళ్లాల్సింది అప్పట్లో కమ్యూనిస్టు ప్రభుత్వం ఉన్న ఈస్ట్ బెర్లిన్‌లోది. విచిత్రం ఏంటంటే గోడకి ఇటూ అటూ రెండు పక్కలా మార్క్స్ పేరుంది.

చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మంచినీళ్ల బాటిల్, కాసిని చిల్లర నాణేలు పెట్టుకోండి, బాత్రూమ్‌కి చాలా చోట్ల డబ్బులివ్వాలి. ఆదివారం షాపులన్నీ మూసేస్తారు, భవనాలు చూడ్డానికైతే ఆదివారమే బాగుంటుంది, రోడ్డు మీద కార్లు తక్కువ. ఫుట్‌పాత్ పక్కనే సైకిళ్లకి వేరే దారుంటుంది, దాంట్లో నడిచారో అయిపోయారు, మన దగ్గర లారీవాడు కొట్టే హారన్ కన్నా వాళ్ల సైకిల్ బెల్లు ఘోరం. మా అమ్మాయి ఆ మూణ్ణెల్లూ "నాన్నా, సైకిల్ దారి, నాన్నా పక్కకి రా" అంటూనే ఉంది.

ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి

అందరూ అలెక్సాండర్‌ప్లాట్స్ నుంచి, అంటే టీవీ టవరు దగ్గర్నుంచి మొదలెడతారు. నేను వద్దంటాను. యూ5 మెట్రో ఎక్కి ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్ స్టేషన్లో దిగి, అక్కణ్ణుంచి టీవీ టవరు వైపు నడవండి. పొద్దున్న పూటైతే ఎండ వీపు మీద పడుతుంది, కళ్లల్లో పడదు, ఎదురుగా 368 మీటర్ల టవరు కనిపిస్తూ ఉంటుంది కాబట్టి దారి తప్పరు, అన్నిటికన్నా ముఖ్యం, ముందు కట్టినవి ముందూ తర్వాత కట్టినవి తర్వాతా వస్తాయి. కథ మధ్యలోంచి కాకుండా మొదట్నుంచి విన్నట్టు ఉంటుంది.

స్టేషన్ పేరు దగ్గరే మొదటి అతుకు. టోర్ అంటే గేటు, గుమ్మం. ఊరికి పన్ను వసూలు గోడ ఉన్న రోజుల్లో ఫ్రాంక్‌ఫుర్ట్ వెళ్లే దారికి ఒక గేటుండేది, అసలు గేటు కూడా ఇక్కడ కాదు, ఇంకాస్త ఊరి వైపుకి ఉండేది. మన కోటగుమ్మమే ఇంక. ఫ్రాంక్‌ఫుర్ట్ అంటే మనం విమానం మారే ఫ్రాంక్‌ఫుర్ట్ అనుకునేరు, అది కాదు, ఓడర్ నది పక్కన పోలండ్ సరిహద్దులో ఇంకో ఫ్రాంక్‌ఫుర్ట్ ఉంది, ఈ రోడ్డు అటెళ్తుంది కాబట్టి ముందు దీన్ని గ్రోసె ఫ్రాంక్‌ఫుర్టర్ స్ట్రాసె, ఫ్రాంక్‌ఫుర్టర్ అలే అనేవాళ్లు. ఉండి రోడ్డు లెక్కే. ఈ స్టేషన్ అయితే ఇంకా కామెడీ, 1930లో పీటర్స్‌బుర్గర్ స్ట్రాసె అని తెరిచారు, యుద్ధం అయ్యాక రష్యా జనరల్ పేరుతో బెర్జారిన్ స్ట్రాసె చేశారు, తర్వాత ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్, రెండు జర్మనీలూ కలిశాక రాట్‌హౌస్ ఫ్రీడ్రిష్‌హైన్, మళ్లీ పీటర్స్‌బుర్గర్ స్ట్రాసె, చివరికి 1998లో మళ్లీ ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్. బోర్డులు రాసే పెయింటర్‌కి మాత్రం మంచి బేరం.

పైకొచ్చి చూస్తే రోడ్డుకి అటొకటి ఇటొకటి గుమ్మటాలున్న రెండు టవర్లు ఉంటాయి. హెర్మాన్ హెన్సెల్‌మాన్ అనే ఆర్కిటెక్ట్ డిజైన్. ఊరి మధ్యలో జెండార్మెన్‌మార్క్ట్ అనే చోట పద్దెనిమిదో శతాబ్దం నాటి రెండు గుమ్మటాల చర్చిలున్నాయి, వాటిని చూసి చేశాడు. కమ్యూనిస్టు ప్రభుత్వం చర్చి గుమ్మటాన్ని చూసి అపార్ట్‌మెంట్ కట్టింది! పిల్లల్ని ఒకరోజు అక్కడికి కూడా తీసుకెళ్లమనండి, రెండూ చూస్తే మీకే తెలుస్తుంది.

ఇప్పుడు రోడ్డు వెడల్పు చూడండి. తొంభై మీటర్లు. అంటే దాదాపు మూడొందల అడుగులు. మన దగ్గర అరవై అడుగుల రోడ్డు అంటేనే ప్లాటు రేటు డబుల్ చెప్తారు. సిగ్నల్ దగ్గర ఒకేసారి దాటలేకపోతే కంగారు పడకండి, మధ్యలో ఆగడానికి చోటుంటుంది. మా ఆవిడ దాటేటప్పుడు "ఇది రోడ్డేనా, లేక వరి చేనా" అంది.

స్టాలిన్ బాత్రూమ్

1945లో యుద్ధం చివర రష్యా సైన్యం ఇటువైపు నుంచే ఊళ్లోకొచ్చింది, అంతకుముందే బాంబులు పడ్డాయి, రోడ్డుకి రెండు పక్కలా ఇళ్లు దాదాపు నేలమట్టం. మిగిలింది రద్దు, అంటే కూలిన ఇళ్ల ఇటుక ముక్కలూ సున్నమూ. కొండల్లా రద్దు. ఆ రద్దులోంచి ఇటుకలు ఏరి, అంటుకున్న సున్నం గీకి, మళ్లీ వాడారు, ఎక్కువ ఆడవాళ్లే చేశారు ఆ పని. ఇటుక గీకడం ఎంత పనో నాకు తెలుసు, పాతిల్లు పడగొట్టినప్పుడు ఒక మనిషి రోజంతా గీకితే ఎన్నొస్తాయో నేను లెక్క కట్టి కూలిచ్చినోణ్ణి. ఇక్కడ నిర్ణీత గంటలు శ్రమదానం చేసినవాళ్లకి లాటరీ చీటీ ఇచ్చేవాళ్లు, చీటీ తగిలితే కొత్త ఫ్లాటు.

1949 డిసెంబర్ 21న, స్టాలిన్‌కి డెబ్భైయేళ్లు నిండినరోజున, ఈ దారికి స్టాలిన్ అలే అని పేరు పెట్టేశారు. తర్వాత 1950లలో వచ్చినవే మీరిప్పుడు చూస్తున్న ఈ పెద్దపెద్ద బిల్డింగులు. "కార్మికులకి రాజభవనాలు" అని ప్రచారం చేశారు, నిజంగానే లోపల లిఫ్టు, సెంట్రల్ హీటింగు, ఆ రోజులకి చాలా గొప్ప. బయటేమో స్తంభాలు, బాల్కనీలు, శిల్పాలు, కేకు మీద క్రీము పెట్టినట్టు. జర్మన్‌లో దీన్ని మిఠాయివాడి స్టైల్ అని వెక్కిరిస్తారు.

ఇక్కడ మీరు చెయ్యాల్సిన పని: గోడ దగ్గరికెళ్లండి. దూరం నుంచి చూస్తే రాయిలా ఉంటుంది. దగ్గరికెళ్తే అది రాయి కాదు, సిరామిక్ టైలు, మైసెన్ అని పింగాణీకి పేరున్న ఊరుంది కదా, అక్కడ చేసింది. మన దగ్గర ఇప్పుడు ప్రతీ ఇంటి ముందూ ఎలివేషన్ టైల్స్ వేసి బాత్రూమ్ బయటికొచ్చినట్టు చేస్తారు చూడండి, బెర్లిన్‌వాళ్లు డెబ్భైయేళ్ల కిందటే దీన్ని "స్టాలిన్ బాత్రూమ్" అన్నారట. ఆ మాట మా అల్లుడుగారు చెప్పినప్పుడు నేను రోడ్డు మీదే నవ్వేశాను.

నాకు అలవాటు కాబట్టి వేలి మెటికతో టైలు మీద కొట్టి చూశాను. టక్ మంటే పట్టుందని, డొల్లగా మోగితే వెనకాల మాలు విడిపోయిందని. ఒకటి, రెండు, మూడు బాగున్నాయి, నాలుగోది గుల్ల. మళ్లీ కొట్టా, గుల్లే. ఈలోపు పక్క గుమ్మంలోంచి ఓ పెద్దాయన సంచి పట్టుకుని వచ్చి నన్నే చూస్తున్నాడు, నేను దొంగనేమో అనుకున్నాడని భయపడి చెయ్యి తీసేశా. ఆయన వచ్చి ఏదో అడిగాడు, అల్లుడుగారు మావయ్యగారు బిల్డర్ అని చెప్పినట్టున్నాడు, ఆయన మొహం వెలిగిపోయింది, నా చెయ్యి పట్టుకుని ఇంకో చోటికి లాక్కెళ్లి తనే కొట్టి చూపించాడు, అదీ గుల్ల! తూర్పు జర్మనీ ఉన్న రోజుల్లోనే ఈ టైల్స్ ఊడి పడేవంట, జనాలకి తగలకుండా కింద అడ్డాలు కట్టాల్సొచ్చేదంట, 1990లలో పెద్ద రిపేరు చేశారు. చలికి నీరు గడ్డకట్టి టైలుని వెనకనుంచి తోస్తుంది. మన దగ్గర ఉప్పుగాలీ చెమ్మా చేసే పనే అక్కడ మంచు చేస్తుంది. భాష రాకపోయినా పావుగంట మాట్లాడుకున్నామండి ఇద్దరం, గోడ కొట్టి.

ఈ రాజభవనాల మధ్యలో, ఎడమ చేతి వైపున, పొడుగ్గా పెరిగిన చెట్ల వెనక, రెండు సాదా బిల్డింగులు ఉంటాయి, 102, 126 నంబర్ల దగ్గర. ఐదంతస్తులు, ప్రతి ఫ్లాటుకీ బయట వరండాలోంచి దారి. ఇదే నా దృష్టిలో ఈ రోడ్డు మొత్తానికి అసలైన అతుకు, ఇక్కడ కనీసం పదినిమిషాలు ఆగండి. లుడ్మిల్లా హెర్జెన్‌స్టైన్ అనే ఆవిడ డిజైన్ చేసింది, 1949లో మొదలెట్టారు, ప్లాన్ ప్రకారం రోడ్డంతా ఇలాగే సింపుల్‌గా, చెట్ల మధ్యలో రావాలి. మధ్యలో పైనుంచి ఆర్డరు మారింది, ఇది మరీ పాశ్చాత్య పద్ధతి, మనకి మాస్కోలో లాగా ఘనంగా కావాలి అన్నారు. అప్పటికే ఇవి రెండూ లేచిపోయాయి. పడగొట్టలేరు, చూపించలేరు. ఏం చేశారో తెలుసా, ముందు తొందరగా ఎదిగే పాప్లర్ చెట్లు నాటి కప్పేశారు. ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు విరిగిన మంచం మీద దుప్పటి కప్పినట్టు. నాకు మాత్రం ఆ వరండాలు చూడగానే ప్రాణం లేచొచ్చింది, మనిషి ఉండటానికి కట్టిన ఇల్లు అది, గాలీ వెల్తురూ లెక్కేసి కట్టినట్టుంది. మిగతావి ఊరేగింపు చూడ్డానికి కట్టినవి.

దగ్గర్లోనే వేబర్‌వీజె అనే చోట, రోడ్డు మీంచి కొంచెం లోపలికి, ఇదే హెన్సెల్‌మాన్ కట్టిన ఎత్తైన బిల్డింగు ఒకటుంది, 1951 సెప్టెంబర్లో పునాది వేసి 1952 మే ఒకటికల్లా పూర్తి చేశారు. ఎనిమిది నెలలు! ఓపికుంటే చూడండి, ముందు చిన్న చెరువుంది, బెంచీలున్నాయి, ఇంట్లోంచి తెచ్చుకున్న పులిహోర తినడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు.

తాపీ కింద పెట్టిన రోజు

ఇది ఏ బోర్డు దగ్గర నిలబడి చదవక్కర్లేదు, నడుస్తూ గుర్తు చేసుకోండి చాలు. 1953లో ప్రభుత్వం పని నార్మ్ పదిశాతం పెంచింది. మన భాషలో చెప్పాలంటే అదే కూలికి ఇంకాస్త ఎక్కువ పని, చెయ్యకపోతే కూలి కోత. జూన్ 16న ఈ స్టాలిన్ అలేలో బ్లాక్ 40 కడుతున్న పనివాళ్లు పని ఆపేసి ఊరేగింపుగా మంత్రుల ఆఫీసుకి వెళ్లారు. "కార్మికులకి రాజభవనాలు" కడుతున్న కార్మికులే! మర్నాడు జూన్ 17కి దేశమంతా అంటుకుంది, ఏడొందలకి పైగా ఊళ్లల్లో సమ్మెలు, ఊరేగింపులు, చివరికి రష్యా ట్యాంకులు దిగాయి. కనీసం 55 మంది చనిపోయారని లెక్క తేలింది.

నేను ఆ మాట విన్నాక కాసేపు ఏం మాట్లాడలేదు, ఎందుకంటే నేను గోడకి అవతలి పక్క మనిషిని, పనివాళ్లతో రేటు బేరమాడేవాణ్ణి. మా సైటులో ఓసారి శ్లాబు వేసేరోజు మేస్త్రులు తాపీ కింద పెట్టేశారు, టీ డబ్బుల దగ్గర, ఇరవై మందికి సరిపడా కలిపిన కాంక్రీటు గట్టిపడిపోతుంటే నేను బతిమాలుకున్నాను. దాంతో పోలిక కాదు గానీ, తాపీ కింద పెట్టడం అంటే ఏంటో నాకు తెలుసు.

ఈ ముక్క చూడాలంటే వేరే రోడ్డుకి వెళ్లాలి. బ్రాండెన్‌బుర్గ్ గేటుకి పడమటి పక్క నుంచి పార్కు మధ్యలోంచి పోయే పెద్ద రోడ్డు ఉంటుంది, దాని పేరు "జూన్ 17 వీధి". పేరు వెస్ట్ బెర్లిన్ వాళ్లు పెట్టారు, అదే 1953లో. ఈస్ట్‌లో ఒక రోడ్డు మీద జరిగింది వెస్ట్‌లో ఇంకో రోడ్డుకి పేరైంది. పిల్లలు ఎలాగూ ఆ గేటు దగ్గర ఫొటో తీస్తారు, అప్పుడు వెనక్కి తిరిగి బోర్డు చూడండి.

చెవీ మీసమూ

మళ్లీ మన రోడ్డు. 72 నంబర్లో కేఫే సిబిల్లె ఉంది, 1950లలో పాల బార్‌గా మొదలైంది, మధ్యలో మూతపడి మళ్లీ తెరిచారు కాబట్టి టైమింగ్స్ చూసుకుని వెళ్లండి. దగ్గర్లోనే ఒకప్పుడు స్టాలిన్ కంచు విగ్రహం ఉండేది, 1951లో పెట్టారు, 4.8 మీటర్ల ఎత్తు. ఆయన 1953లో పోయాడు, తర్వాత రష్యాలోనే ఆయన్ని తిట్టడం మొదలెట్టారు, ఇక్కడివాళ్లకి ఏం చెయ్యాలో తోచలేదు. 1961 నవంబర్లో, గోడ కట్టిన మూడు నెలలకి, ఒక రాత్రి చప్పుడు లేకుండా విగ్రహం పీకేశారు, తెల్లారేసరికి రోడ్డు పేరు కూడా మారిపోయింది, ఊరి మధ్యకి దగ్గరున్న భాగం కార్ల్ మార్క్స్ అలే, తూర్పు భాగం మళ్లీ పాత పేరు ఫ్రాంక్‌ఫుర్టర్ అలే. రాత్రి పడుకున్నప్పుడు ఒక అడ్రసు, పొద్దున్న లేస్తే ఇంకో అడ్రసు. విగ్రహం ముక్కలు చేసే పనిలో ఉన్న ఒకాయన ఒక చెవీ, మీసం ముక్కా దాచుకున్నాడు. అవే ఈ కేఫేలో పెట్టారు. కాఫీ తాగుతూ స్టాలిన్ చెవి చూడొచ్చు.

విగ్రహాల సంగతి మనకి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి, గోదావరి జిల్లాల్లో ప్రతీ సెంటర్లోనూ ముగ్గురు నలుగురు నిలబడి ఉంటారు.

స్ట్రౌస్‌బెర్గర్ ప్లాట్స్ దగ్గర ఆగండి

గుండ్రటి సర్కిలు, మధ్యలో ఫౌంటెన్, 1967లో ఫ్రిట్స్ క్యూన్ అనే లోహశిల్పి చేసింది. ఇక్కడ మధ్యలో నిలబడి ముందు మీరొచ్చిన దారి చూడండి, తర్వాత వెళ్లబోయే దారి చూడండి. వెనకాల మిఠాయి. ఎదురుగా అట్టపెట్టెలు. ఇది కంటికి కనిపించే అతుకు, ఎవరికీ చెప్పక్కర్లేదు. 1959 నుంచి కట్టిన భాగంలో డబ్బులు మిగల్చాలి, తొందరగా ఇళ్లు కావాలి, కాబట్టి ఫ్యాక్టరీలో గోడల పలకలు పోతపోసి తెచ్చి క్రేన్‌తో నిలబెట్టి కలిపేశారు. దగ్గరికెళ్తే పలకకీ పలకకీ మధ్య గీత కనిపిస్తుంది, వేలు పెట్టి చూడండి. అందరూ ఈ భాగాన్ని బోరు అంటారు, నేను ఒప్పుకోను, ఇళ్ల మధ్య ఎంత ఖాళీ వదిలారో చూడండి, చెట్లు, గడ్డి, పిల్లలాడుకునే చోటు. మన దగ్గర ఆ ఖాళీలో ఇంకో రెండు అపార్ట్‌మెంట్లు లేచేవి, సెట్‌బ్యాక్ కూడా వదలకుండా.

ఈ భాగంలో రెండు చూడాలి. కుడివైపు కీనో ఇంటర్నేషనల్, 1963 నాటి సినిమా హాలు, యోజెఫ్ కైజర్ డిజైన్, పై అంతస్తు కింద ఆధారం లేనట్టు ముందుకి తోసుకొచ్చి ఉంటుంది. 1989 నవంబర్ 9 రాత్రి ఇందులో కొత్త సినిమా ప్రీమియర్ జరుగుతుంటే, అదే రాత్రి గోడ తెరిచేశారు. సినిమా అయ్యి బయటికొచ్చేసరికి దేశం మారిపోయింది! ఈ హాలుకి చేత్తో గీసిన పెద్ద పోస్టర్లు కట్టేవాళ్లు, అది చదివి నాకు మా ఊరి థియేటర్ల దగ్గర కటౌట్లు గీసిన ఆర్టిస్టులు గుర్తొచ్చారు, ఫ్లెక్సీ వచ్చాక వాళ్లు ఏమైపోయారో. 2024లో దీన్ని రిపేరుకని మూశారు, వెళ్లేముందు తెరిచారేమో చూసుకోండి. దాని ఎదురుగా కఫే మాస్కవ్, 1964ది, పైన రష్యా ఉపగ్రహం స్పుత్నిక్ బొమ్మ ఉంటుంది. మే ఒకటికి, తూర్పు జర్మనీ పుట్టినరోజైన అక్టోబర్ 7కి ఈ రోడ్డు మీదే ఊరేగింపులు జరిగేవి, ఆ వెడల్పు ఎందుకో ఇప్పుడర్థమైందా.

ఇప్పుడెలా ఉంది అంటే

పక్క వీధుల్లో ఒకసారి తిరగండి, కిందకి చూస్తూ. పాత ఇళ్ల గుమ్మాల ముందు రాళ్ల మధ్య అరచేతి కన్నా చిన్న ఇత్తడి పలకలు కనిపిస్తాయి, పది సెంటీమీటర్లు ఉంటాయి. "ఇక్కడ నివసించారు" అని, కింద పేరు, పుట్టిన సంవత్సరం, ఎప్పుడు పట్టుకుపోయారు, ఎక్కడ చంపారు. హిట్లర్ కాలంలో చంపేసిన యూదులు, ఇంకా ఎందరివో. గుంటర్ డెమ్‌నిగ్ అనే కళాకారుడు 1990లలో మొదలెట్టాడు, ఇప్పటికి యూరప్ అంతా కలిపి లక్ష దాటాయి. మన గుళ్లల్లో దాతల పేర్లు మెట్ల మీద చెక్కుతారు కదా, భక్తుల పాదధూళి తగలాలని. ఇక్కడ ఆ పేర్లు చదవాలంటే మనిషి తల వంచాలి. మా ఆవిడ వాటి పక్క నుంచి నడిచింది, తొక్కలేదు, ఎవరూ చెప్పకుండానే.

రోడ్డు మీద ఇళ్లలో ఉన్నవాళ్ల గొడవ మన గొడవలాంటిదే, అద్దెలు. 1990లలో వీటిలో చాలావాటిని ప్రైవేటువాళ్లకి అమ్మేశారు. 2018లో ఒక పెద్ద కంపెనీ ఇక్కడ కొన్ని బ్లాకులు కొనబోతుంటే అద్దెకున్నవాళ్లు బాల్కనీల్లోంచి బ్యానర్లు వేలాడదీసి గొడవ చేశారు, చివరికి 2019లో దాదాపు 670 ఫ్లాట్లు నగర ప్రభుత్వ హౌసింగ్ సంస్థ కిందకి వచ్చాయి. స్టాలిన్ కట్టమన్నవి, ప్రైవేటుకి పోయినవి, మళ్లీ సర్కారువి. కింద షాపులు మాత్రం కొన్ని ఖాళీగానే కనిపిస్తాయి, అంత వెడల్పు రోడ్డుకి అటుపక్క కొట్టు ఇటుపక్క మనిషికి కనపడదు మరి. మన మెయిన్ రోడ్డులో ఈ కొట్టు ముందు నిలబడి ఆ కొట్టులో రేటు అడిగేస్తాం. రాత్రి నడిస్తే వీధి బాగా నిశ్శబ్దం, మా ఆవిడకి నచ్చలేదు, "మనుషులేరీ" అంది.

అడ్రసు వెతుక్కోవడానికి ఒక చిట్కా. బెర్లిన్ వీధి బోర్డు మీద పేరుతోపాటు ఆ ముక్కలో ఏ నంబరు నుంచి ఏ నంబరు దాకా ఇళ్లున్నాయో రాస్తారు, అది చూడండి. కొన్ని పాత వీధుల్లో నంబర్లు ఒక పక్కన వరసగా చివరిదాకా వెళ్లి రెండో పక్కన తిరిగొస్తాయి, గుర్రపు నాడాలాగ, కాబట్టి 1 ఎదురుగా 2 ఉండదు, ఏ 140వో ఉంటుంది. మా అమ్మాయి ఉండే వీధి అలాంటిదే. పాల ప్యాకెట్టుకని వెళ్లి నలభై నిమిషాలకి తిరిగొచ్చాను.

వెనక్కి రావడానికి అలెక్సాండర్‌ప్లాట్స్‌లో మళ్లీ యూ5 ఎక్కండి, పేపర్ టికెట్టయితే ఎక్కేముందు మిషన్లో పంచ్ చెయ్యడం మర్చిపోకండి. నాలుగో స్టేషన్ ఫ్రాంక్‌ఫుర్టర్ టోర్. పూటంతా నడిచిన రోడ్డు కిందనుంచి కొన్ని నిమిషాల్లో వెనక్కి వచ్చేస్తారు. ఈ లైను తెరిచింది 1930 డిసెంబర్ 21న, పైన స్టాలిన్ పేరు పెట్టడానికి సరిగ్గా పంతొమ్మిదేళ్ల ముందు, అదే తారీఖు. నేను ఈ సంగతి చెప్తుంటే మా ఆవిడ సీట్లో కూర్చుని బూట్లు విప్పేసి కాళ్లు నొక్కుకుంటోంది, "రేపు ఏ రోడ్డూ వద్దు" అంది.